పెద్దవీధి సైకిలు

కరుప్పన్ తన పాత ఇటలీ రేసు సైకిలును తలకిందులు చేసి, సీటు మీదా హ్యాండిల్ మీదా నిలబెట్టాడు. వెనక చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి వదిలాడు. చక్రం తిరుగుతూనే ఉంది. చప్పుడు లేదు. పక్కన గొంతుకూర్చున్న వినోత్ ఇరుసు దగ్గర చెవి పెట్టి విన్నాడు. కోయంబత్తూరులో పాత రేసు సైకిళ్ళు కొని, మరమ్మతు చేసి, ఇంటర్నెట్లో అమ్మే కడ అతనిది; ఈ పక్క దుకాణాన్ని కడ అంటారు.

"బేరింగు గోళీలు ఎప్పుడు మార్చినావు తాతా?"

"మార్చలేదు. కడిగినా."

"ఇటలీ గోళీలేనా ఇంకా?"

"ఇటలీ అయితే ఏమి, కిరసనాయిల్లో కడిగితే పోవు."

వినోత్ నవ్వి, ఫోన్ తీసి గేరునీ, బ్రేకులనీ, హబ్బులనీ దగ్గరగా ఫోటోలు పట్టుకున్నాడు. ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి ఫోన్ జేబులో పెట్టేశాడు.

"రంగు మళ్ళీ కొట్టించినావు. అదే చిక్కు. పాత రంగు ఉండుంటే మొత్తంగా ఎవుడన్నా ఎగేసుకోని పోయుంటాడు. ఇప్పుడు విడివిడిగా అయితేనే పోతాది. గేరు ఒకడికి, హబ్బులు ఒకడికి, పెడల్లు ఒకడికి. అందురూ కాచుకోని ఉండారు."

"ఫ్రేము?"

"దాన్ని ఎవురు అడగతారు తాతా? కాపీ కడ గోడకి తగిలించే వాడు దొరికితే సరి. లేకుంటే తూకానికే." అతను ఫ్రేము పై గొట్టం మీద చెయ్యి వేశాడు. "నా మనసుకైతే ఇట్లాంటి బండి విప్పబుద్ధి కాదు."

"మనసు కూడా నీ కడలో అమ్ముతావా?"

"అడిగేవాడు ఉంటే అదీ పెడతా."

గుడిసెకూ ఇంటికీ మధ్యరకంగా ఉన్న ఆ రేకుల గదిలోంచి జోతిమణి బయటికి వచ్చింది. కరుప్పన్‌కు ఒక్కతే కూతురు. మొగుడు వదిలేసి పోయాక నాయన దగ్గరే ఉంటోంది. ఆ పొద్దు ఆమెకు సెలవు.

"మొత్తమో ముక్కలో, ఏదో ఒకటి తేల్చు నాయనా. బోర్డు ఇంట్లో మంచం పడితే మనిషి నిలబడే తావు లేదు. అదీ మూడో మాడి, మెట్లెక్కి పోవాల."

కాలనీని ఖాళీ చేయిస్తున్నారు. వాగు గట్టు మీద ఉన్న ఇళ్ళన్నిటికీ ఊరి బయట హౌసింగ్ బోర్డు కట్టిన ఇళ్ళలో వాటా ఇచ్చారు. ఇరుగూ పొరుగూ అప్పుడే రేకులు విప్పుకుంటున్నారు. పోయిన ఏడు కరుప్పన్ భార్య మునియమ్మాళ్ చనిపోయినప్పుడు వేసిన పందిరి గుంజ ఒకటి ఇంకా గోడ పక్కన ఉంది. కరుప్పన్ దాన్ని ఎవర్నీ తీయనివ్వలేదు.

"ఇంగోటి," అంది జోతిమణి. "మొదలాళి మనవరాలు ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం కొత్త షోరూం తెరుస్తారంట. బండి వాళ్ళకి కావాలంట. మొత్తంగా."

కరుప్పన్ తుడిచిన చక్రం పుల్లనే మళ్ళీ తుడిచాడు.

"మొదలాళి అంటే, పెద్దవీధి సైకిల్ కడ ఓనరు సుబ్బరాయనా?" అన్నాడు వినోత్. "వాళ్ళు మొత్తంగా తీసుకుంటే నేను పోటీకి రాను తాతా. బండి బతుకుతాది."

"నువ్వు లేచి పో. ఆదివారం దాటినాక ఫోన్ చేస్తా."

త్రిష మర్నాడు సాయంత్రం వచ్చింది. తెల్ల కారు కాలనీ మొదట్లో ఆగిపోయింది. లోపలికి దారి లేదు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, విప్పి పడేసిన రేకుల మధ్య చూసుకుంటూ నడిచి వచ్చింది. ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. మాటలో సగం తమిళం, మిగిలిన సగంలో సగం ఇంగ్లీషు. అయినా గడపలో నిలబడి తెలుగులోనే మొదలుపెట్టింది. ఇద్దరి ఇంటి భాషా అదే. వీధులే వేరు.

"వణక్కం అంకుల్. నేను త్రిష. తాత చాలాసార్లు చెప్పినారు మీ గురించి. మా కడలో మీరే మొదటి మెకానిక్ అంట కదా."

"ముసలోడు అయ్యేదాకా అక్కడే ఉంటి. కూర్చో పాపా."

జోతిమణి కుర్చీ తుడిచి వేసింది. స్టీలు గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. త్రిష ఆగకుండా గ్లాసు మొత్తం తాగి, ఇంకో గ్లాసు అడిగింది. కరుప్పన్ అది చూశాడు. ఆ పిల్ల ముత్తాత ఈ కాలనీ నీళ్ళు ముట్టి ఎరగడు. ఈ పిల్లకు ఆ సంగతి తెలియదు కూడా.

ఆమె లేచి సైకిలు చుట్టూ తిరిగింది. హ్యాండిల్‌కు చుట్టిన గుడ్డపట్టీని వేలితో తాకింది. తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. నలుపు తెలుపు. అందులో కుర్రవాడు ఒకడు, బనియను చెమటకు ఒంటికి అతుక్కుని, ఈ సైకిలునే చేత్తో పట్టుకుని వీధిలో నడుస్తున్నాడు. తల నేలకు వంగి ఉంది. ఎడమ పక్క ఎత్తు తిన్నె మీద పంచెలు కట్టుకున్న పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. కుడి పక్కన, తన సైకిలు మీద వంగి, ఇంకొకడు అతన్ని దాటిపోతున్నాడు.

"ఇది మా ఇంట్లో ఆల్బంలో దొరికింది అంకుల్. ఆ పాత ఇల్లు ఉన్న చోటే ఇప్పుడు షోరూం కడ్తాండాము. వచ్చే ఆదివారం ఓపెనింగ్. లోపలికి రాంగానే అద్దాల పెట్టెలో మీ బండి. వెనకాల ఈ ఫోటో, గోడంత పెద్దగా. కింద బోర్డు."

"బోర్డులో ఏముంటాది?"

"మీ కతే. తాత చెప్పినారు, నేను రాసినా." ఆమె ముఖంలోకి సంతోషం వచ్చింది. "అవినాశి నుంచి మేట్టుపాళయం దాకా పందెం. మా కడ బండి మీద మీరు అందురికన్నా ముందు వస్తాండారు. మా వీధి వచ్చేతలికి సైకిలు దిగినారు. మా ముత్తాత తిన్నె మీద ఉండారు కదా, ఆయన ముందర ఎక్కి పోకూడదని, తోసుకోని నడిచినారు. వెనకాల వచ్చినోళ్ళు దాటి పోయినారు. ఓడినా పరవాయిల్ల, మర్యాదే ముక్యం అన్నారంట మీరు. ముత్తాతకి కండ్లలో నీళ్ళు వచ్చేసినాయంట. అప్పుడే ఈ బండి మీకే ఇచ్చేసినారు. చదివినోళ్ళు అందురూ ఏడుస్తారు అంకుల్."

"ఓడినా పరవాలేదని నేనంటినా?"

"తాత అట్లా చెప్పినారు."

కరుప్పన్ చేతిలో ఉన్న గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. వెళ్ళేముందు త్రిష జోతిమణి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, తాత ఇంకో మాట చెప్పమన్నారు. షోరూంలో బిల్ కౌంటర్. కూర్చునే పనే. ఆదివారం నుంచే వచ్చేయండి."

జోతిమణి పొద్దు పొడవక ముందే బస్సెక్కి అవినాశి పోతుంది. బనియను కంపెనీలో దారాలు కత్తిరించే పని. పొద్దంతా నిలబడే చెయ్యాలి. ఆమె తండ్రి వైపు చూసింది. తండ్రి గుడ్డ వైపు చూస్తున్నాడు. "వస్తానమ్మా," అంది జోతిమణి. "బండి కూడా ఇస్తాము."

మరుసటి రోజు ఆమె పని నుంచి తిరిగి వచ్చేసరికి గొలుసు కిరసనాయిలు డబ్బాలో నానుతోంది. రెండు చక్రాలూ గోడకు ఆనించి ఉన్నాయి. బ్రేకు తీగలు పాముపిల్లల్లా చుట్టుకుని కాగితం మీద ఉన్నాయి. కరుప్పన్ పెడల్ చెయ్యిని ఇరుసు నుంచి లాగే పరికరం బిగించి, స్పానరు మీద ఒంటి బరువంతా వేస్తున్నాడు. అది కదలడం లేదు.

"ఇదేంది నాయనా?"

"విప్పుతాండా."

"ఇస్తామని చెప్పినా కదా వాళ్ళకి."

"నువ్వు చెప్పినావు. నేను చెప్పలే."

ఆమె సంచి కింద పెట్టింది. చెప్పులు వదిలి, కాళ్ళు చాపి, అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. మడమల పైన కాళ్ళు ఉబ్బి, చెప్పు పట్టీల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి.

"చూడు వీటిని. చూసి విప్పు."

అతను చూడలేదు.

"నాకు కుర్చీ ఏసి కూర్చోబెడతామంటాండారు నాయనా. ఊర్లోనే. పొద్దున్నే కూడు తిని పోవచ్చు."

"ఆ బోర్డు కింద కూర్చోని కూడు అరగతాదా నీకు?"

"బోర్డు ఎవురు సదవతారు? అదీ ఇంగ్లీషులో ఉంటాది. నీకు తమిళమే కూడబలుక్కోని వస్తాది."

"సదవకున్నా నాకు తెలుసు అందులో ఏముందో."

"నీకు తెలిసి ఏం చేస్తివి? ఆ దినం వాళ్ళిచ్చిన బండి తీసుకుంటివి. ఇన్నేండ్లు అదే తొక్కుకోని, పెద్దవీధి మూలలో దిగి తోసుకోని వాళ్ళ కడకే పోతివి. అమ్మ ఒక్క దినమన్నా ఎక్కిందా ఈ బండి? ఆస్పత్రికి కూడా నడిచే పోయింది. ఎందుకని నువ్వు అడగలే, ఆమె చెప్పలే."

స్పానరు జారి కరుప్పన్ వేలి కణుపు చీరుకుపోయింది. అతను రక్తాన్ని పంచెకు తుడిచి, స్పానరు మళ్ళీ పెట్టాడు.

"ఆ దినం నువ్వు దిగినావు," అంది జోతిమణి. ఆమె గొంతు పెంచలేదు. "ఈ దినం నన్ను దింపుతాండావు."

పెడల్ చెయ్యి కిర్రుమని ఊడి వచ్చింది. అతను దాన్ని కాగితం మీద పెట్టాడు. రెండోది ముట్టుకోలేదు.

తెల్లవారి కరుప్పన్ పెద్దవీధికి నడిచి వెళ్ళాడు. షోరూం ముందు అద్దాలు తుడుస్తున్నారు. సుబ్బరాయన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కర్రతో అటూ ఇటూ చూపిస్తూ పనివాళ్ళను అదిలిస్తున్నాడు. కరుప్పన్‌కన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకే కడలో ఒకే గ్రీసు పూసుకుని పెరిగారు. ఒకడు గల్లా దగ్గరికి పోయాడు, ఒకడు గ్రీసులోనే ఉండిపోయాడు.

"ఏరా కరుప్పా. బండి ఏదిరా?"

"విప్పేసినా మొదలాళీ. ముక్కలుగా అమ్ముతాండా."

సుబ్బరాయన్ కర్ర దించాడు. "పిచ్చా నీకు? పాప ఆశపడతాంది."

"పాపని ఏమీ అనను. ఆ బోర్డు వద్దు. కాదంటే, దాంట్లో ఇంగో మాట కూడా రాయాల."

"ఏమి మాట?"

"ఈ వీధిలో కాలనీవాడు సైకిలెక్కి పోకూడదని. మా చిన్నాయన కొడుకు మారి ఎక్కి పోతే, ఆ మూల మీద నిలేసి, సైకిలు టైరు వాడి మెడలో ఏసి ఇంటికి పంపించినారు. వాడు ఇంగ ఊర్లో ఉండలే. అది రాసి, ఆనక నేను దిగింది రాయండి."

అద్దం తుడిచేవాడి చెయ్యి ఆగింది. సుబ్బరాయన్ వాడిని చూడగానే మళ్ళీ కదిలింది.

"ఎప్పటి మాటలురా అవి? ఇప్పుడు ఎవురన్నా ఏమన్నా అంటాండారా నిన్ను? నీ కూతురికి పని ఇస్తాండాను. ఏసీలో." అతను ముందుకు వంగాడు. "అసలు నిన్ను ఎవురు దిగమన్నార్రా ఆ దినం? పందెం అది. పోలీసోళ్ళు ఉండారు. మా నాయన ఒక్క మాట అన్నాడా? ఊరికే తిన్నె మీద కూర్చోని ఉండాడు."

"అదే. కూర్చోని ఉండాడు."

"నువ్వే దిగినావు."

"ఊఁ. నేనే దిగినా."

లోపల ఎవరో డ్రిల్లుతో గోడకు తూట్లు వేస్తున్నారు. సుబ్బరాయన్ ఆ వైపు తల ఊపాడు.

"ఫోటోకి మేకులు కొడతాండారు. నీ బండి రాకుంటే అట్లాంటిది ఇంగోటి దొరకతాది. సైకిలే కదా. కత మా దగ్గర ఉండాది. నువ్వు ముక్కలు చేసి ఏం సాధిస్తావు? కూతురి కడుపు కొట్టుకుంటావు, అంతే."

కరుప్పన్ ఇంటికి వచ్చి సైకిలు ముందు చాలాసేపు కూర్చున్నాడు. బీడీ వెలిగించి, సగంలోనే ఆర్పాడు. తర్వాత నానిన గొలుసును డబ్బాలోంచి తీసి, గుడ్డలో పరిచి ఒక్కొక్క లింకూ తుడిచాడు. ఇరుసు గిన్నెలో కొత్త గ్రీసు పూసి గోళీలను వేలికొసతో ఒక్కొక్కటే అతికించాడు. గోళీ గోళీకీ మధ్య సందు సమంగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాడు. తీగలు కొత్తవి వేశాడు. చక్రాన్ని ఫోర్కులో పెట్టి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య వెలుతురు చూస్తూ పుల్లలు బిగించాడు. పెడల్లకు పాదాన్ని పట్టి ఉంచే తోలు పట్టీలు రెండూ ఎండి పెళుసుబారి ఉన్నాయి. వాటికి ఆముదం రాసి ఎండలో పెట్టాడు.

జోతిమణి వచ్చి చూసింది. సైకిలు గోడకు ఆని నిండుగా నిలబడి ఉంది.

"ఆదివారం తెచ్చి ఇస్తానని చెప్పు," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. వేలికి కట్టిన గుడ్డ విప్పి, పసుపు వేసి, మళ్ళీ కట్టింది.

ఆదివారం జోతిమణి ముందే వెళ్ళింది. షోరూం వాళ్ళు ఇచ్చిన మెరూన్ రంగు చీర కట్టుకుంది. కరుప్పన్ తలస్నానం చేసి, తెల్ల చొక్కా వేసి, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి సైకిలెక్కాడు. వంగిన హ్యాండిల్ మీద నడుము పట్టేసింది. కాలనీ దాటేసరికి సర్దుకుంది. మోకాళ్ళు నొప్పెట్టాయి కానీ బండి కింద రోడ్డు నూనె పోసినట్టు జారుతోంది. అంత బాగా అది ఎప్పుడు నడిచిందో అతనికి గుర్తులేదు.

పెద్దవీధి మూల దగ్గర త్రిష నిలబడి ఉంది. ఆమె పక్కన కెమెరావాడు ఒకడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. కరుప్పన్ బ్రేకు పట్టి, ఒక కాలు పెడల్ పట్టీలోనే ఉంచి, రెండో కాలు నేల మీద ఆనించాడు.

"సూపర్‌గా ఉండారు అంకుల్. ఒక చిన్న హెల్ప్. ఇక్కడ దిగండి. ఇక్కణ్ణుంచి షోరూం దాకా తోసుకోని రండి, ఆ ఫోటోలో ఉన్నట్టే. తాత అక్కడ కుర్చీలో ఉండారు. చిన్న వీడియో, అంతే. ఆనక బండి లోపల పెట్టేస్తాము."

వీధి నిండా జనం. రెండు పక్కలా కుర్చీలు వేశారు. షోరూం గుమ్మంలో అరటి చెట్లు కట్టారు. గుమ్మం పక్కన, ఒకప్పుడు తిన్నె ఉన్న చోట, సుబ్బరాయన్ జరీ కండువాతో కూర్చుని ఉన్నాడు. చుట్టాలు కొందరు అప్పుడే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"దిగరా కరుప్పా," అని అక్కడినుంచే కేకేశాడు సుబ్బరాయన్, నవ్వుతూ. "పాప అడగతాంది కదా. ఒక నిమిసం."

కరుప్పన్ చెయ్యి దానంతట అదే కిందికి పోయింది. పట్టీ బిగింపు మీద వేళ్ళు ఆనాయి. బొటనవేలు బిళ్ళ మీద ఉంది. నొక్కితే పట్టీ వదులవుతుంది. అతను ఆ చెయ్యి వైపు చూశాడు. అది తన చెయ్యి కానట్టు చూశాడు.

"ఏమి అంకుల్?" అంది త్రిష. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. గుమ్మం వైపు తిరిగి పిలిచింది. "జోతి అక్కా, నాన్నకి కొంచెం చెప్పండి."

జోతిమణి గుమ్మంలో పన్నీరు బుడ్డి పట్టుకుని వచ్చినవాళ్ళమీద చల్లుతోంది. ఆమె వెనకాల, తెరిచిన తలుపులోంచి, గోడ మీది ఫోటో కనిపిస్తోంది. తల వంచిన కుర్రవాడు మనిషి కన్నా పెద్దగా ఉన్నాడు. ఆమె పొద్దుట్నుంచీ దానికి వీపు తిప్పి నిలబడి ఉంది. ఇప్పుడు తిరిగి ఒకసారి చూసింది. తర్వాత మూల మీద ఒంటికాలిపై ఆగి ఉన్న ముసలివాణ్ణి చూసింది. పన్నీరు బుడ్డిని కౌంటరు మీద పెట్టి, మెట్లు దిగి, వీధి నడిమికి వచ్చింది.

"నాయనా."

అందరూ ఆమె వైపు చూశారు.

"దిగొద్దు."

సుబ్బరాయన్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"దిగొద్దు నాయనా. పో," అంది జోతిమణి, పక్కకు జరిగి దారి ఇస్తూ.

కరుప్పన్ పట్టీని వదులు చేయలేదు. కొస పట్టి ఇంకాస్త బిగించాడు. నేల మీది కాలిని పైకెత్తి రెండో పట్టీలో దూర్చాడు. బండి కదిలింది. త్రిష వెనక్కి తప్పుకుంది. కెమెరావాడు ఆపాలో తీయాలో తెలియక తీస్తూనే ఉన్నాడు. కరుప్పన్ తల వంచలేదు, ఎత్తి విర్రవీగనూ లేదు. రోడ్డు చూసుకుంటూ తొక్కాడు. కూతురి చీర పక్కన పోయింది. అరటి చెట్లు పోయాయి. జరీ కండువా పోయింది. ఆ కుర్చీలోంచి ఒక్క మాట రాలేదు.

వీధి చిన్నదే. ఇన్నేళ్ళుగా ఎంత పొడవనుకున్నాడో అంత లేదు. చివర మేట్టుపాళయం రోడ్డులో కలిసే చోట లారీ ఒకటి హారన్ కొట్టింది. అతను ఎడమకు తిప్పి, గేరు మార్చి, ఊపిరి అందకపోయినా ఆగకుండా తొక్కాడు. దూరంగా కొండలు మబ్బులో ఉన్నాయి. టీ కొట్టు వచ్చేదాకా పోయి, అక్కడ దిగాడు. దాహమైంది కాబట్టి దిగాడు.

ఇంటికి వచ్చేసరికి జోతిమణి పాత చీరలో ఉంది. మెరూన్ చీర మడత పెట్టి సంచిలో పెడుతోంది.

"రేపు నేను పోయి ఇచ్చి వస్తా," అన్నాడు కరుప్పన్. "ఎక్కే పోతా."

"ఒక్కపారి ఎక్కినావని దినమూ ఎక్కుతావా?" ఆమె నవ్వింది. "వొద్దు. కట్టుకున్నది నేను. నేనే ఇస్తా."

"ఏమన్నా అన్నారా?"

"పాప ఏడ్చింది. ఎందుకక్కా అని అడిగింది. నేను చెప్పినా. మారి చిన్నాయన సంగతి కూడా చెప్పినా. వినింది." ఆమె సంచి మూతి ముడివేసింది. "మొదలాళి ఏమీ అనలే. కూర్చోని ఉండాడు."

ఇల్లు ఖాళీ చేసే ముందు రోజు వినోత్ వచ్చాడు. జోతిమణి ఎప్పటి బస్సుకే అవినాశి వెళ్ళిపోయింది. సామాన్లన్నీ మూటలై ఉన్నాయి. సైకిలు ఒక్కటే ఎండలో నిలబడి ఉంది. వినోత్ దాని చుట్టూ తిరిగి ఆశ్చర్యపోయాడు.

"ఏంది తాతా, కొత్త గ్రీసు, కొత్త తీగలు. అమ్మే బండికి ఎవుడన్నా ఇంత చేస్తాడా?"

"పని ఉండింది."

"మంచిదే అయింది. మొత్తంగా అడిగేవాడు బెంగుళూరులో ఒకడు దొరికినాడు. రంగు పోయినా పరవాలేదంట. నేను చెప్పిన దానికన్నా బాగా ఇస్తాడు." వినోత్ గొంతు తగ్గించాడు. "పెద్దవీధి వీడియో చూసినాడు. ఊరంతా చూస్తాండారు కదా. దాని కత ఏమో రాసి ఇమ్మంటాడు. కత ఉంటేనే వాళ్ళకి ఇష్టం."

కరుప్పన్ సైకిలును ఎత్తి, తలకిందులు చేసి, నేల మీద నిలబెట్టాడు. పనిముట్ల సంచిలో వెతికి స్పానరు తీసి వినోత్ చేతిలో పెట్టాడు.

"కత అమ్మేది లేదు. ఇనుమే అమ్మేది. విప్పు."

వినోత్ ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. ముసలివాడు అప్పటికే ముందు చక్రం వదులుచేసి చేతిలోకి తీసుకుంటున్నాడు.